ఎకరాలమ్మి తెల్లకోటు కొనొద్దు

గత వారం తెలంగాణను ఆనుకున్న మహారాష్ట్ర తాలూకా సిరోంచ వైపు నుంచి ఒక రైతు మా కార్యాలయానికి వచ్చారు. చేతిలో వంద పేజీల నోటుబుక్కు ఉంది. ముందు పేజీల్లో పత్తి, మిర్చి అమ్మిన లెక్కలు. వెనక నుంచి తెరిస్తే కొడుకు చదువు లెక్కలు. హైదరాబాద్‌లో రెండేళ్ల ఇంటర్, ఆపైన ఏడాది నీట్ లాంగ్‌టర్మ్ కోచింగు, హాస్టలు, టెస్టులు, బస్సు చార్జీలు. అన్నిటికంటే కింద ఎర్ర సిరాతో చుట్టిన అంకె 60 లక్షలు. ప్రైవేటు కాలేజీలో ఎంబీబీఎస్ సీటుకు ఒక ఏజెంటు చెప్పిన మొత్తం అది. పుస్తకం మధ్యలో పొలం హక్కు కాగితం సాత్‌బారా ఉతారా నాలుగు మడతలు పెట్టి ఉంది. "నాలుగెకరాలు అమ్మి, ఇల్లు బ్యాంకుల పెడితే అయితది సార్. పిల్లగాడు డాక్టరైతే మళ్ల కొనుక్కోడా?" అని అడిగారు.

సిరోంచ నుంచి రాజురా, కిన్వట్ మీదుగా ధర్మాబాద్, బిలోలి దాకా మహారాష్ట్ర సరిహద్దు తెలుగిళ్లలో ఏటా ఫలితాలు రాగానే ఇదే ప్రశ్న వినిపిస్తుంది. సర్కారు సీటు వస్తే డాక్టరు చదువు ఇప్పటికీ లాభమే. కొన్న సీటుతో, అందులోనూ భూమి అమ్మి కొన్న సీటుతో, మధ్యతరగతి ఇల్లు కోలుకోవడానికి ఒక తరం పడుతుంది. ఎందుకంటున్నామో లెక్క వేసి చెబుతాం.

ఏడాదికి 12 లక్షల చొప్పున ఐదేళ్ల ఫీజు 60 లక్షలు. సులువు కోసం మొత్తం బ్యాంకు అప్పే అనుకుందాం, ఏ ఏటి ఫీజు ఆ ఏటి మొదట్లో తీసుకుంటూ. వడ్డీ 10 శాతం. చదివే ఐదున్నరేళ్లు, ఆ తర్వాత బ్యాంకు ఇచ్చే ఒక ఏడాది గడువు పూర్తయ్యేసరికి సాధారణ వడ్డీయే 27 లక్షలు అవుతుంది. అప్పు 87 లక్షలకు చేరుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే నెల కిస్తు లక్షా 15 వేలు. ఇప్పుడు రాబడి చూద్దాం. జాతీయ ఆరోగ్య మిషన్ (ఎన్‌హెచ్‌ఎం) కింద కాంట్రాక్టు మీద చేరే ఎంబీబీఎస్ డాక్టరుకు నెలకు వచ్చేది 60 వేల చుట్టూ. మహారాష్ట్రలో పర్మినెంట్ మెడికల్ ఆఫీసరు మూల వేతనం 56,100తో మొదలవుతుంది. అలవెన్సులన్నీ కలిపినా ఆ కిస్తు కట్టి ఇల్లు గడపడం కుదరదు. జీతమంతా బ్యాంకుకే పోతే ఆ కుర్రాడు తిండి కోసం మళ్లీ తండ్రికే ఫోన్ చేయాలి.

పీజీ చేస్తే సంపాదన పెరుగుతుందన్న మాట నిజమే. కానీ అది ఇంకో మూడేళ్లు. సర్కారు పీజీ సీటు వస్తే స్టైపెండ్ ఉంటుంది, గండం గట్టెక్కుతుంది. అది రాకపోతే మళ్లీ కోటి రూపాయల ప్రసక్తి. మొదటి అప్పు కిస్తీలు మొదలైన ఇంట్లో రెండో అప్పు మాట ఎత్తే ధైర్యం ఎవరికి ఉంటుంది? అలా ఉత్త ఎంబీబీఎస్‌తో ఆగిపోయి, పట్నంలో కార్పొరేట్ ఆసుపత్రి నైట్ డ్యూటీల్లో చేరిన పిల్లలు మాకు తెలుసు. ఇరవై ఆరేళ్ల వయసులో వాళ్ల ముఖాల్లో కనిపించే టెన్షన్ ఏ తల్లీ తండ్రీ కోరుకున్నది కాదు.

పక్కనే బల్లార్షాను చూడండి. బొగ్గు గనుల్లోనూ పేపరు మిల్లులోనూ పనిచేసే తెలుగు కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి. పదో తరగతి తర్వాత మూడేళ్ల మైనింగ్ డిప్లొమా చేసి, గని అనుభవంతో పనులు పర్యవేక్షించే ఓవర్‌మన్ సర్టిఫికెట్ తెచ్చుకున్న పిల్లవాడికి కోల్ కంపెనీలో ఉద్యోగం దొరికితే పాతికేళ్లు నిండకముందే ఇంటికి డబ్బు పంపుతాడు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, ఇంజినీరింగ్ నాలుగేళ్లు. వీటిలో దేనికీ ఎకరాలు పోవు. డాక్టరు చదువులో ఇంటర్న్‌షిప్ దాటేసరికే ఇరవై నాలుగేళ్లు వస్తాయి, ఒకటి రెండేళ్లు లాంగ్‌టర్మ్ పడితే ఇరవై ఆరు. ఈ లోపు ఈడు పిల్లలు నాలుగైదేళ్ల జీతం తీసుకుని ఉంటారు. ఇంజినీర్ల ఉద్యోగాలు ఊడుతున్నాయని, డాక్టరుకు ఆ భయం లేదని అనేవాళ్లున్నారు. ఒప్పుకుంటాం. డాక్టరు సంపాదన ముప్పై అయిదు తర్వాత పెరుగుతుంది, యాభై ఎనిమిదికి ఆగదు. అయితే ఆ వయసు వచ్చేదాకా అప్పు లేకుండా నిలబడగలిగినవాళ్లకే ఆ ఫలం అందుతుంది.

కాబట్టి అసలు పందెం సర్కారు సీటు మీదే. 2024లో నీట్‌కు దాదాపు 24 లక్షల మంది దరఖాస్తు చేస్తే దేశంలో ఎంబీబీఎస్ సీట్లు లక్షా పదివేల చుట్టూ ఉన్నాయి. వాటిలో ప్రభుత్వానివి సగం. తెలంగాణ సర్కారు కాలేజీలో ఏడాది ట్యూషన్ ఫీజు 10 వేలు. మహారాష్ట్రలో లక్ష దాటుతుంది, అయినా కోర్సంతా కలిపి ప్రైవేటు కాలేజీ ఒక ఏడాది ఫీజుకు సమానం కాదు. మన చుట్టూ కాలేజీలకూ ఇప్పుడు కొదవ లేదు. నాందేడ్‌లో 1988 నుంచి ఉంది, చంద్రాపూర్‌లో 2015లో వచ్చింది, గడ్చిరోలి కాలేజీ 2024లో మొదలైంది. గోదావరి, ప్రాణహిత దాటితే మంచిర్యాలలో 2022లో, ఆసిఫాబాద్, నిర్మల్, భూపాలపల్లిలో 2023లో తెరిచారు. సిరోంచ దగ్గర గోదావరి వంతెన దిగితే కాళేశ్వరం, అక్కడి నుంచి కాసేపటి ప్రయాణంలో భూపాలపల్లి మెడికల్ కాలేజీ. ఇన్ని ఉన్నా సరిహద్దు పిల్లలు తరచూ ఏ రాష్ట్రానికీ లోకల్ కాకుండా పోతున్నారు.

మా దగ్గరికి వచ్చిన రైతు కొడుకు కథ కూడా అదే. మహారాష్ట్ర రాష్ట్ర కోటాలో 85 శాతం సీట్లకు పోటీ పడాలంటే నివాస ధ్రువపత్రం (డొమిసైల్)తో పాటు పది, పన్నెండు రెండూ ఈ రాష్ట్రంలోనే పాసై ఉండాలి. తెలంగాణలో లోకల్ కావాలంటే ఇంటర్ దాకా వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి, అక్కడే చదివి ఉండాలి. 2024లో తెచ్చిన ఈ నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించింది. ఆ పిల్లవాడు పది సిరోంచలో, ఇంటర్ హైదరాబాద్‌లో చదివాడు. ఇక్కడ పన్నెండు లేదు, అక్కడ నాలుగేళ్లు లేవు. ఏ కోటాలో పేరు వస్తుందో అని చూస్తే, మిగిలింది దేశమంతా పోటీ పడే 15 శాతం అఖిల భారత కోటా, ఎయిమ్స్ లాంటి కేంద్ర సంస్థల సీట్లు మాత్రమే. తెలుగు మీడియం సౌకర్యం, చుట్టాలు దగ్గరున్నారన్న ధైర్యంతో తీసుకున్న ఒక్క నిర్ణయం రెండు రాష్ట్రాల సర్కారు సీట్లనూ దూరం చేసింది. కాలేజీలో చేర్చుకున్న రోజు లక్షల్లో ఫీజు కట్టించుకున్నవాళ్లు ఈ ముక్క ఒక్కటి చెప్పలేదు.

ఇది కుటుంబాల అజాగ్రత్త అని తేల్చేయడం అన్యాయం. కిన్వట్, రాజురా ఒకప్పుడు ఆదిలాబాద్ జిల్లా తాలూకాలు. 1956లో రాష్ట్రాల సరిహద్దు గీత గీసినప్పుడు అక్కడి తెలుగువాళ్లను ఎవరూ అడగలేదు. చంద్రాపూర్ జిల్లా జివతి తాలూకాలోని 14 వివాదాస్పద గ్రామాల్లో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులు, రెండు ఓటరు కార్డులు ఉన్న ఇళ్లున్నాయి. ఓటు దగ్గర రెండు ప్రభుత్వాలకూ కావలసినవాళ్లు, సీటు దగ్గర ఒక్క ప్రభుత్వానికీ కానివాళ్లు ఎలా అవుతారు? కర్ణాటక సరిహద్దులోని 865 గ్రామాల మరాఠీ పిల్లలకు మహారాష్ట్ర తన కాలేజీల్లో ప్రత్యేకంగా అవకాశం ఇస్తోంది. సరిహద్దు ప్రజల కష్టం తెలిసిన ప్రభుత్వమే అది. ఇదే న్యాయం తన తూర్పు అంచున ఉన్న తన సొంత పౌరులకూ చేయమని అడుగుతున్నాం. పదో తరగతి దాకా గడ్చిరోలి, చంద్రాపూర్, నాందేడ్ జిల్లాల్లో చదివి, ఇక్కడి డొమిసైల్ ఉండి, పన్నెండు పక్క రాష్ట్రంలో పాసైన పిల్లలను రాష్ట్ర కోటాకు అనుమతించాలి. తెలంగాణ కూడా నది అవతలి పల్లెల విషయంలో ఆలోచించాలి. సిరోంచలో పరిస్థితి విషమించిన రోగిని మోసుకుపోయేది వంతెన దాటి భూపాలపల్లికో వరంగల్‌కో.

ఆ నిబంధనలు మారేదాకా కుటుంబాలు చేసుకోగలిగినవి ఉన్నాయి. పిల్లవాడిని ఎనిమిదిలో ఉండగానే ఏ రాష్ట్రం లోకల్ చేయాలో తేల్చుకోవాలి, మధ్యలో మార్చకూడదు. మహారాష్ట్ర అనుకుంటే కోచింగుకు నాందేడ్, లాతూర్ ఉన్నాయి, హైదరాబాద్‌కు తీసిపోవు. రిజర్వేషన్ ఉన్నవాళ్లు కుల ధ్రువపత్రంతో ఆగకుండా, దాన్ని పరిశీలన కమిటీ సరిచూసి ఇచ్చే వ్యాలిడిటీ పత్రం కూడా తెచ్చుకోవాలి. ఓబీసీ, ప్రత్యేక వెనుకబడిన తరగతులకు (ఎస్‌బీసీ) 1967 నాటి రుజువు అడుగుతారు. తాత పేరున్న స్కూలు దాఖలానో, నిజాం కాలపు ఉర్దూ పహాణీనో వెతికి పట్టడానికి నెలలు పడుతుంది. కౌన్సెలింగ్ మొదలయ్యాక పరుగెత్తితే సీటు చేజారుతుంది. ఆడపిల్లలున్న ఇళ్లకు ఇంకో మాట. ఏటా 8 లక్షల లోపు ఆదాయం ఉన్న ఆర్థికంగా వెనుకబడిన (ఈడబ్ల్యూఎస్), సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన (ఎస్‌ఈబీసీ), ఓబీసీ కుటుంబాల ఆడపిల్లలకు వృత్తివిద్యా కోర్సుల్లో ట్యూషన్, పరీక్ష ఫీజులు మహారాష్ట్ర 2024లో పూర్తిగా మాఫీ చేసింది. కొడుకు కోసం పొలం అమ్మాలని చూసే ఇంట్లో కూతురి చదువుకు ఫీజే ఉండకపోవచ్చు, ఆ లెక్క వేసేవాళ్లు తక్కువ.

విదేశీ ఎంబీబీఎస్ మీద ఎక్కువ చెప్పేదేమీ లేదు. ఖర్చు తక్కువే, కానీ తిరిగొచ్చాక ఇక్కడ ప్రాక్టీసు కోసం రాయాల్సిన అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈలో ఎక్కువ మంది తప్పుతున్నారు.

ఇంకొక లెక్క మాత్రం ఎవరూ నోటుబుక్కులో రాయడం లేదు. పట్నంలో కొత్త డాక్టరు పదేళ్లు పేరు కోసం ఎదురుచూడాలి. సిరోంచలోనో అహేరిలోనో తెలుగు, మరాఠీ, కాస్త గోండి వచ్చిన డాక్టరు బోర్డు కట్టిన రోజే ఓపీ నిండుతుంది. అద్దె తక్కువ, పోటీ తక్కువ, రోగితో దుబాసీ అక్కర్లేదు. డాక్టర్ ప్రకాశ్ ఆమ్టే, డాక్టర్ మందాకిని ఆమ్టే 1973 నుంచి ఇదే గడ్చిరోలి జిల్లా హేమల్‌కసాలో వైద్యం చేశారు. వాళ్లలా అన్నీ వదులుకోమని మన పిల్లలను అడగడం లేదు. అప్పు లేకుండా చదివి సొంత తాలూకాకు తిరిగొచ్చిన డాక్టరు గౌరవంగా బతకగలడు, సంపాదించగలడు అంటున్నాం.

రైతుకు కూడా ఇదంతా చెప్పాం. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. ఎర్ర చుట్టు మీద బొటనవేలు పెట్టి కూర్చున్నారు. లేచి వెళ్లబోతూ, "చిన్నది ఎనిమిది చదువుతుంది సార్, సిరోంచలనే. దాన్ని హైదరాబాద్ పంపద్దా అయితే?" అన్నారు. పది అక్కడే కానివ్వండి, పదకొండు, పన్నెండు చంద్రాపూర్‌లోనో నాందేడ్‌లోనో చేర్పించండి, వ్యాలిడిటీ కాగితాలు ఈ నెలలోనే మొదలుపెట్టండి అన్నాం. ఆయన జేబులోంచి పెన్ను తీసి, చదువు లెక్కల కింద కొత్త గీత గీసి కూతురి పేరు రాశారు. దాని పక్కన, "వ్యాలిడిటీ, తాత దాఖలా."