బహుశా శ్రుతుడు

పండితుణ్ణి మన భాషలో బహుశ్రుతుడు అంటారు. అంటే చాలా విన్నవాడు అని. చాలా చదివినవాడు అని ఆ మాటలో ఎక్కడా లేదు. ఈ ఒక్క ఆధారంతో మూడేళ్లుగా నేను చరిత్రకారుణ్ణి. ఈ మూడేళ్లలో ఒక్క పుస్తకం తెరిచింది లేదు, ఒక్క శాసనం మొహం చూసింది లేదు, ఒక్క పాత కాగితం దుమ్ము దులిపింది లేదు. చెవుల్లో రెండు గుండీల్లాంటివి దూర్చుకొని రోమ్ నుంచి వాటర్లూ దాకా వెళ్లొచ్చాను. ఇంత అనుభవం గడించాక చరిత్ర ఆడియోబుక్కుల మీదా చారిత్రక నవలల మీదా నా అభిప్రాయాలు బయటపెట్టకపోతే లోకానికి అన్యాయం చేసినవాణ్ణవుతాను. అందుకే ఈ వాంగ్మూలం.

ముందుగా ఒక పాత కేసు తిరగదోడాలి. రాత్రంతా రామాయణం విని, తెల్లారాక రాముడికి సీత ఏమవుతుందని అడిగాడంటూ ఒకాయన్ని తరతరాలుగా ఎగతాళి చేస్తున్నాం. ఆయన తరఫున ఇంతవరకూ ఒక్కరూ నోరు విప్పలేదు. నేను విప్పుతున్నాను. ఆయన దగ్గర పదిహేను సెకన్లు వెనక్కి వెళ్లే బటన్ లేదు. ఎక్కడో ఒక కునుకు పట్టి ఉంటుంది, అది సరిగ్గా పెళ్లి ఘట్టంలోనే పట్టి ఉంటుంది. మెలకువ వచ్చేసరికి ముగ్గురు మనుషులు అడవిలో నడుస్తున్నారు. ఎవరికెవరు ఏమవుతారో ఎలా తెలుస్తుంది? ఆడియోబుక్ శ్రోతల వంశానికి ఆయనే మూలపురుషుడు. పైగా తెలియనిది తెలియదని అడిగాడు. ఆ తర్వాతి తరాల వాళ్లం అడగడం మానేసి నేరుగా వాదనకి దిగుతున్నాం.

నా సంగతే చూడండి. ఇంగ్లండు రాజు ఎనిమిదో హెన్రీ కథ విన్నాను. ఆయనకి ఆరుగురు భార్యలు: ముగ్గురు కేథరిన్‌లు, ఇద్దరు ఆన్‌లు, ఒక జేన్. సరే, రాజుగారి ఇష్టం. కానీ కొలువులో పెద్దలు కూడా వరసపెట్టి థామస్‌లే. థామస్ వుల్జీ, థామస్ మోర్, థామస్ క్రామ్‌వెల్, థామస్ క్రాన్మర్. అచ్చులో అయితే ఇంటిపేరు కంటికి ఆనుతుంది, అనుమానం వస్తే నాలుగు పేజీలు వెనక్కి తిప్పి చూసుకోవచ్చు. అంట్లు తోముతూ వినేవాడికి మాత్రం ఉన్నది ఒకే థామస్. ఆయన్ని 1530లో రాజద్రోహం కింద పట్టుకొని తీసుకొస్తుంటే దారిలోనే జబ్బుచేసి చనిపోయాడు. 1535లో తల నరికారు. 1540లో మళ్లీ నరికారు. అప్పటికీ లాభం లేకపోయింది కాబోలు, రాజు పోయిన తొమ్మిదేళ్లకి, 1556లో, కూతురి హయాంలో సజీవంగా తగలబెట్టారు. ఇంత మొండి ప్రాణం చరిత్రలో ఇంకొకటి లేదని చాలాకాలం నలుగురికీ చెప్పుకొచ్చాను.

నిజానికి ఇది సోమరిపోతుల కోసం పుట్టిన విద్య కాదు. ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ తయారుచేసి, ఆ మరుసటి ఏడాదే దాని ఉపయోగాలు రాస్తూ, చూపు లేనివారికి పుస్తకాలు వినిపించవచ్చని అందులో చేర్చాడు. 1930లలో అమెరికాలోనూ బ్రిటన్‌లోనూ వారి కోసం గ్రామఫోన్ రికార్డుల మీద మాట్లాడే పుస్తకాలు వచ్చాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోగొట్టుకున్న సిపాయిలు కూడా వాటిని విన్నారు. వాళ్లు కూర్చొని విన్నారు. నాకు కూర్చొని వినే అలవాటు లేదు. కూర్చుంటే నిద్రొస్తుంది.

ఇక వేగం సంగతి. ఇంగ్లీషు చరిత్రకారుడు గిబ్బన్ రోమ్ పతనాన్ని 1776 నుంచి 1788 దాకా ఆరు సంపుటాలుగా అచ్చువేశాడు. చెవితో వినాలంటే వంద గంటలు దాటుతుంది. గోత్‌లనే తెగవాళ్లు 410లో ఆ నగరంలోకి జొరబడి మూడు రోజుల్లో పని ముగించుకొని వెళ్లిపోయారు. రోజుకో గంట లెక్కన నాకు అదే రోమ్ పడడానికి నెలలు పట్టేలా ఉంది. అంచేత వేగం 1.75కి పెంచాను. వినదగు నెవ్వరు చెప్పిన అని చిన్నప్పుడు నేర్పిన పద్యం ఉందే, అందులో రెండో పాదమే వినగానే వేగపడవద్దని చెబుతుంది. వేగం బటన్ వస్తుందని ఆ కవికి ఎలా తెలిసిందో!

వేగం పెంచితే ఏం పోతుందని అడగొచ్చు. ఏనుగులు పోవు, కత్తులు పోవు, కోటలు పోవు. పోయేవి చిన్న మాటలు. బహుశా. కావచ్చు. అని ఒకరు రాశారు. ఈ ఆధారం అంత గట్టిది కాదు. చరిత్రకారుడి చాకిరీ అంతా ఈ మాటల్లోనే ఉంటుంది. ఇరవై ఏళ్లు గ్రంథాలయాల్లో కళ్లు కాయలు కాసేలా కూర్చొని చివరికి ఆయన సంపాదించుకునేది ఒక బహుశా. 1.75 దగ్గర మొదట రాలిపోయేది అదే. మిగిలినదంతా నా చెవికి వేదవాక్కు.

పాదసూచికలది ఇంకో కథ. గిబ్బన్ తన కొంటెతనంలో సగం పేజీ అడుగున చిన్న అక్షరాల్లో దాచాడు. ఆడియోలో పేజీకి అడుగంటూ ఉండదు కనుక, ఈ మాట నీకెవరు చెప్పారని రచయితని నిలదీసే చోటు కూడా మామూలుగా ఉండదు. పటాలు మాత్రం ఉంటాయి. "సైన్యాలు కదిలిన దారి నాలుగో పటంలో చూడవచ్చు" అని చదివే ఆయన నిండు గంభీరంగా చెబుతాడు. మొదటిసారి విన్నప్పుడు నేను నిజంగానే తల తిప్పి చూశాను.

చదివేవాళ్ల గురించి చెప్పాలంటే కల్హణుణ్ణి తలుచుకోవాలి. 12వ శతాబ్దంలో కాశ్మీర రాజుల చరిత్ర రాసిన ఈయన, జరిగింది చెప్పేవాడి మాట న్యాయమూర్తి మాటలా రాగద్వేషాలు లేకుండా ఉండాలన్నాడు. ద్వేషం మాటెలా ఉన్నా, రాగం లేకుండా చదివేవాడు నాకింతవరకూ తగల్లేదు. పంటలో ఆరో వంతు శిస్తు కట్టాలన్న వాక్యాన్ని ఒకాయన ఏడుపు ఆపుకుంటూ చదివాడు. ఇంకొకావిడ సంధి షరతులను ప్రేమలేఖలా చదివింది. మూడో షరతు దగ్గర ఆవిడ తీసిన నిట్టూర్పుకి, ఆ రెండు రాజ్యాల మధ్య ఇంకేదో ఉందని నాకు గట్టి అనుమానం వచ్చింది.

నేను నిండా మునిగింది మాత్రం కాన్‌స్టాంటినోపుల్‌లో, అంటే నేటి ఇస్తాంబుల్‌లో. 1453. ఇరవై ఒక్కేళ్ల ఒట్టోమన్ సుల్తాన్ మెహ్మద్ ఏప్రిల్ 6న ముట్టడి మొదలుపెట్టాడు, మే 29న నగరం పడింది. ఓడలను కొవ్వు రాసిన దుంగల మీద ఎక్కించి, కొండ దాటించి అవతలి నీళ్లలోకి దించాడు. వింటుంటే చేతిలో గిన్నె చేతిలోనే ఉండిపోయింది. చివర్లో, గోడలో ఒక చిన్న తలుపు గడియ వేయడం మరిచిపోయారని, శత్రువు అందులోంచి లోపలికి వచ్చాడని ఒక ముక్క. ఆ ముక్క చెప్పింది డూకస్ అనే ఆ కాలపు రచయిత ఒక్కడే. మిగతావాళ్లు చెప్పలేదు కనుక చాలామంది చరిత్రకారులు దాన్ని అనుమానంగానే చూస్తారు. ఇదంతా ఆ పుస్తకంలోనే ఉంది. నేను ఆ నిమిషంలో కుళాయి పెద్దది చేశాను.

ఒక నెల తర్వాత అదే ముట్టడి మీద ఒక నవల విన్నాను. నవలాకారుడు ఆ తలుపుని ఊరికే వదులుతాడా? కాపలావాడికి ఒక పేరు పెట్టాడు. మంచం పట్టిన తల్లినిచ్చాడు, తీరని అప్పునిచ్చాడు, అది చాలదని పంటినొప్పినిచ్చాడు. ఆ రాత్రి ఆ దవడ పట్టుకొని వాడు పడ్డ బాధ ముప్పావు గంట. గడియ వేయబోతాడు, పన్ను సలుపుతుంది, చేయి వెనక్కి తీసుకుంటాడు. కాన్‌స్టాంటినోపుల్ ఎందుకు పడిందని ఇవాళ ఎవరైనా నన్ను అడిగితే నా నోటికి మొదట వచ్చే జవాబు పంటినొప్పి. పోయిన నెల నలుగురిలో అనేశాను కూడా.

"ఎక్కడ చదివావు?" అన్నారు.

"విన్నాను."

"ఎవరు చెప్పారు?"

ఇక్కడే దొరికిపోయాను. చరిత్ర పుస్తకాన్నీ నవలనీ చదివింది ఒకే మనిషి. అదే గొంతు, అదే గాంభీర్యం, అదే తొణకని నమ్మకం. నా బుర్రలో చరిత్రకి వేరే గది, కల్పనకి వేరే గది ఉండేవి. మధ్యలో తలుపు తెరిచి ఉంచింది ఈయనే. డూకస్ చెప్పిన తలుపు సంగతి ఎలా ఉన్నా ఈ తలుపుకి మాత్రం నేనే సాక్షిని.

నవలల మీద నాకు కక్ష ఉందనుకునేరు. వాటర్లూనే తీసుకోండి. 1815 జూన్ 17 రాత్రంతా కుండపోత. తెల్లారేసరికి నేల బురదైపోయింది. అది కాస్త ఆరేదాకా నెపోలియన్ ఆగాడు, యుద్ధం మొదలయ్యేసరికి మధ్యాహ్నం కావొచ్చింది. ఆ ఆలస్యంలోనే శత్రువుల వైపున్న ప్రష్యా సైన్యానికి దగ్గరికి రావడానికి వ్యవధి దొరికింది. చరిత్ర పుస్తకం దీన్ని రెండు వాక్యాల్లో తేల్చేసింది, ఆ రెండూ నేను మరిచిపోయాను. నవలలో ఒక సిపాయి ఆ వాన కింద నలభై నిమిషాలు తడిశాడు. బూట్లలో నీళ్లు, నానిపోయిన గడ్డి పరుపు, వెలగని పొయ్యి. ఆ బురద ఇప్పటికీ నా కాళ్లకి అంటుకొనే ఉంది. ఫిరంగిని బురదలో లాగడమంటే ఏమిటో నాకు చెప్పింది ఆ అబద్ధాలకోరే. ఈ ఒక్క విషయంలో చరిత్రకారులు ఎంత గింజుకున్నా నేను నవలాకారుడి పక్షమే.

కానీ ఆ సిపాయి అదృష్టం చూస్తేనే ఒళ్లు మండుతుంది. ఆ మైదానంలో వేలమంది పెద్ద దళపతుల మొహం చూడకుండానే పోయి ఉంటారు. వీడు నీళ్లు తేవడానికి వెళ్తే దారిలో ఒక మార్షల్ ఎదురవుతాడు, చలి కాచుకోబోతే చక్రవర్తి మాటలు చెవిన పడతాయి. ఇక ఈ నవలల్లో రాజుగారి కొడుకు రాజుగారితో "తండ్రీ, మీకు తెలుసు కదా, మన రాజ్యం పన్నెండేళ్లుగా పొరుగు రాజ్యంతో యుద్ధంలో ఉంది" అంటాడు. తెలిసినవాడికి తెలిసినదే చెప్పడం ఆ రాజవంశాల్లో మర్యాద కాబోలు. నాయికలంతా పుట్టిన శతాబ్దంలో ఇమడలేక మన శతాబ్దపు అభిప్రాయాలతో తిరుగుతుంటారు. చుట్టూ ప్లేగు ఉన్నా వాళ్ల జుట్టు మాత్రం చెదరదు.

అసలు ఎంత పాతదైతే చారిత్రకం? వాల్టర్ స్కాట్ 1814లో తన తొలి నవలకి ఉపశీర్షికలోనే అరవై ఏళ్ల కిందటి కథ అని పెట్టాడు. ఈ లెక్కన నేను నిక్కరు తొడుక్కున్న రోజులు మరికొన్నాళ్లకి చారిత్రక నవల అవుతాయి. వాటిని కూడా ఎవరో ఒకరు గంభీరంగా చదివి నాకే వినిపిస్తారు. ఆ నిక్కరు రంగు విషయంలో నేను వాళ్లనే నమ్ముతాను.

నవలాకారుడికి అంతరాత్మ లేదనలేం. ఉంది, కానీ పుస్తకం చివర ఉంది. పద్దెనిమిది గంటలు విన్నాక "రచయిత మాట" అని వస్తుంది. ఫలానా కాపలావాడు నా కల్పన, ఫలానా యుద్ధాన్ని కథ కోసం రెండేళ్లు ముందుకు జరిపాను, ఆ ఇద్దరు రాణులు నిజానికి ఎన్నడూ కలుసుకోలేదు. కాపలావాడి కోసం నేను కళ్లు తుడుచుకున్న తర్వాత చెప్పే మాటా ఇది? అచ్చు పుస్తకంలో దొంగచాటుగా చివరి పేజీ ముందే చూసుకోవచ్చు. ఆడియోలో అక్కడికి చేరేసరికి నేనైనా నిద్రపోయి ఉంటాను, ఫోనైనా పోయి ఉంటుంది.

కాబట్టి ఒక ప్రతిపాదన చేశాను. కల్పన వచ్చిన ప్రతిచోటా చిన్న గంట మోగించాలి. షేక్‌స్పియర్ అంతటివాడు సీజర్ నాటకంలో, గంటలు కొట్టే గడియారం యూరప్‌లో పుట్టడానికి పదమూడు వందల ఏళ్ల ముందే, కుట్రదారుల మధ్య గడియారం చేత మూడు కొట్టించాడు. గంట కల్పనకి కొత్తేమీ కాదు. ఇంట్లో ఒక గిన్నే గరిటే పెట్టుకొని ఈ పద్ధతి నేనే మొదలుపెట్టాను. నవల వింటున్నంతసేపూ చేయి ఆడుతూనే ఉంది. రెండో రోజుకి మా ఆవిడ గరిట తీసి దాచేసింది.

"ఏమండీ, చరిత్ర పెట్టుకోండి. అందులో మోగదుగా" అంది.

పెట్టుకున్నాను. క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో ఏథెన్స్, స్పార్టాల యుద్ధం గురించి రాసిన థుసిడిడీస్. కచ్చితత్వానికి పెట్టింది పేరు. ఆయనే మొదట్లో ఒప్పేసుకున్నాడు, ఎవరి ఉపన్యాసమూ అక్షరం పొల్లుపోకుండా గుర్తుపెట్టుకోవడం కష్టమైంది, అసలు భావానికి వీలైనంత దగ్గరగా ఉంటూ, ఆ సందర్భానికి ఎవరు ఏం మాట్లాడాలో అలా మాట్లాడించాను అని. ఆయన పుస్తకం నిండా ఉపన్యాసాలే. గరిట తిరిగి ఇమ్మని అడిగాను. ఇవ్వలేదు. ఇరవై నాలుగు వందల ఏళ్ల నుంచీ ఇదే వ్యవహారమైతే ఒక్క గరిటతో ఏం తేలుతుందంది. పోనీలే, ఈయన పుస్తకం మొదట్లోనే చెప్పాడు కదా అని సరిపెట్టుకున్నాను.

ప్రస్తుతం సీజర్ నడుస్తున్నాడు. క్రీస్తుపూర్వం 44, మార్చి 15 తెల్లవారుజాము. భార్య కాల్పూర్నియాకి పీడకల వచ్చింది, ఇవాళ సభకి వెళ్లొద్దని బతిమాలుతోంది. ఇది నవలాకారుడి పైత్యం కాదు, పాతకాలపు చరిత్రకారులు ప్లూటార్కూ స్వెటోనియసూ ఇద్దరూ రాశారు. సీజర్ మెత్తబడి సరే వెళ్లనంటాడు. సరిగ్గా అక్కడికి నా ముప్పై నిమిషాల టైమర్ అయిపోతుంది. మర్నాడు ఎంతవరకు విన్నానో గుర్తుండదు కనుక అధ్యాయం మొదటి నుంచి పెడతాను. మళ్లీ కల, మళ్లీ బతిమాలడం, మళ్లీ సరే. ఇలా మూడు వారాలైంది. సభలో ఇరవై మూడు పోట్లు ఎదురుచూస్తున్నాయి, మనిషి మాత్రం ఇల్లు కదలడం లేదు.

"ఆ పుస్తకం తొందరగా కానివ్వండి, ఆ కాల్పూర్నియా ఏడుపు వినలేకపోతున్నాను" అంటోంది మా ఆవిడ.

నిన్న రాత్రి ఎందుకో నిద్ర పట్టలేదు. టైమర్ ఆగేలోపు కుట్రదారుల్లో ఒకడైన డెసిమస్ బ్రూటస్ సీజర్‌ని ఒప్పించి తీసుకెళ్లడానికి గుమ్మం దాకా వచ్చేశాడు. ఇవాళ టైమర్ ఇరవై నిమిషాలకి తగ్గించాను.