కంప్లైంట్ పరిష్కారమైందట, డౌన్‌లోడ్ మాత్రం కదలదు

ఇప్పుడే మెసేజ్ వచ్చింది. "మీ ఫిర్యాదు పరిష్కరించబడింది. మా సేవలకు రేటింగ్ ఇవ్వండి." ఎవరు పరిష్కరించారు? ఏం పరిష్కరించారు? ఎదురుగా స్క్రీన్ మీద గేమ్ డౌన్‌లోడ్ సెకనుకి 400 కేబీ దగ్గర కొట్టుకుంటోంది. ఉన్నట్టుండి సున్నాకి పడిపోతుంది, కాసేపు అక్కడే పడుకుంటుంది, మళ్లీ లేస్తుంది. ఇంకో గంటలో అయిపోతుందంటుంది, అంతలోనే రెండు రోజులంటుంది. దీనికి రేటింగ్ కూడానా!

కస్టమర్ కేర్‌తో ఏం మాట్లాడానో మీకు చెప్పనక్కర్లేదు. పల్లెలో టవర్ నెట్, అంటే తీగ లేకుండా టవర్ నుంచి గాలిలో వచ్చే నెట్, వాడేవాళ్లందరికీ ఆ డైలాగులు కంఠతా వచ్చు. రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సర్. చేశాను. స్పీడ్ టెస్ట్ పెట్టండి సర్. పెట్టాను. ఎంత వచ్చింది సర్? 40. "అయితే మా వైపు అంతా బాగుంది సర్, ప్రాబ్లమ్ మీ కంప్యూటర్‌లో ఉంది." అయిపోయింది. కేసు క్లోజ్.

ఈ స్పీడ్ టెస్ట్ ఒకటి దొరికింది వీళ్లకి. అది కొద్ది సెకన్ల ముచ్చట. దగ్గర్లో ఉన్న సర్వర్ని వెతుక్కుంటుంది. చాలాసార్లు ఆ సర్వర్ నెట్ ఇచ్చే కంపెనీ సొంత నెట్‌వర్క్‌లోనే ఉంటుంది. ఒకేసారి నాలుగైదు కనెక్షన్లు తెరిచి, ఒక్క ఊపు ఊపి, పెద్ద అంకె చూపించి చేతులు దులుపుకుంటుంది. గేమ్ ఫైళ్లు వచ్చే సర్వర్ వేరు, దారి వేరు. పైగా గంటల తరబడి ఒకే వేగంతో రావాలి. ఆ గంటలన్నీ టవర్ ఏం చేస్తోందో స్పీడ్ టెస్ట్ చూడదు, కస్టమర్ కేర్ అడగదు.

పోనీ ఆ 40 నిజమే అనుకుందాం. 40 మెగాబిట్లంటే సెకనుకి 5 మెగాబైట్లు. బిట్లు ఎనిమిదైతే ఒక బైట్. ప్రకటనల్లో బిట్లు రాస్తారు, ఎందుకంటే అంకె పెద్దగా కనిపిస్తుంది. గేమ్ సైజు మాత్రం బైట్లలో ఉంటుంది. 100 జీబీ గేమ్ నిజంగా 40తో వస్తే అయిదున్నర గంటలు. నాకొచ్చే 400 కేబీతో దాదాపు మూడు రోజులు, అదీ మధ్యలో తెగకపోతే.

ఇక ఉచిత సలహాలు. "డీఎన్ఎస్ మార్చు" అంటాడొకడు. అయ్యా, డీఎన్ఎస్ అనేది సర్వర్ అడ్రస్ వెతికిపెట్టేది. అడ్రస్ మారితే ఒక్కోసారి ఇంకో సర్వర్ తగిలి కాస్త లాభం ఉండొచ్చు, కాదనను. కానీ టవర్ దగ్గరే ఇరుకైతే అడ్రస్ మార్చి ఏం ప్రయోజనం? ఇంకొకడు "వీపీఎన్ వాడు" అంటాడు, అంటే నెట్‌ని ఇంకో సర్వర్ మీదుగా చుట్టూ తిప్పి తెచ్చుకోమని. ఉన్నదే పాకుతుంటే దానికి ఇంకో మెలిక కూడానా. లాంచర్‌లో, అంటే గేములు దించి నడిపే ప్రోగ్రామ్‌లో, డౌన్‌లోడ్ రీజియన్ (ఏ ప్రాంతపు సర్వర్ నుంచి దించాలో) మార్చమన్నవాడు ఒక్కడే కాస్త నయం, అది కొందరికి నిజంగా పనిచేస్తుంది. వైఫై వదిలి కేబుల్ పెట్టమన్నా వింటాను. కనీసం ఇంట్లో పోయేదెంతో, బయట పోయేదెంతో తేలుతుంది. నేను కేబుల్ పెట్టే చూశాను. అదే 400.

అసలు రోగం ఎక్కడుందో కంపెనీకి తెలియదనుకుంటున్నారా? భేషుగ్గా తెలుసు. టవర్ మీద ఒక్కో యాంటెనా ఒక్కో దిక్కుని చూస్తుంది. ఆ దిక్కులో ఉన్న ఇళ్లన్నీ అదే సామర్థ్యాన్ని పంచుకోవాలి. కొత్త కనెక్షన్లు అమ్ముతూనే పోతారు, యాంటెనా మాత్రం పెంచరు. అందుకే రాత్రి ఎనిమిదింటికి నత్తలా నడిచేది తెల్లవారుజాము మూడింటికి పరిగెడుతుంది. నా కంప్యూటర్‌లో ప్రాబ్లమ్ ఉంటే అది గడియారం చూసుకుని బాగుపడుతుందా?

చెట్ల సంగతి ఇంకో కథ. ఆకుల్లో నీళ్లుంటాయి, అవి సిగ్నల్‌ని మింగేస్తాయి. 5 గిగాహెర్ట్జ్ లింకులకి ఈ బాధ మరీ ఎక్కువ. వాన పడి ఆకులు తడిస్తే ఇక చెప్పక్కర్లేదు. టవర్ కంటికి కనిపిస్తే సరిపోదు, ఆ చూపు గీత చుట్టూ కూడా కొంత ఖాళీ ఉండాలి. ఆకురాలే కాలంలో వచ్చి, "సూపర్ సిగ్నల్ సర్" అని రెండు స్క్రూలు బిగించి వెళ్లిన మనిషి చిగుర్లు వేశాక ఫోన్ ఎత్తడు. సిమ్ రూటర్ వాడేవాళ్లు దాని సెట్టింగ్స్ పేజీలో ఆర్ఎస్ఆర్పీ (సిగ్నల్ బలం), ఎస్ఐఎన్ఆర్ (రొద మీద సిగ్నల్ ఎంత పైచేయిగా ఉందో) అని ఉంటాయి చూడండి. మొదటిది మైనస్ 80 దగ్గరుంటే హాయి, మైనస్ 110 దాటితే నరకం. రెండోది ఎంత ఎక్కువుంటే అంత మంచిది. రూటర్ కిటికీ మారిస్తేనే ఆ అంకెలు మారిపోతాయి. ఇంత ముఖ్యమైన సంగతి కస్టమర్ కేర్ ఒక్కసారైనా అడిగిందా? వాళ్ల దగ్గరున్న కాగితంలో రూటర్ ఆఫ్, రూటర్ ఆన్ తప్ప ఇంకేం రాసి లేదు.

నెట్‌లో డేటా ప్యాకెట్లనే చిన్న ముక్కలుగా వస్తుంది, గాలిలో ఆ ప్యాకెట్లు కొన్ని తప్పిపోతుంటాయి. అవతలి సర్వర్ దాన్ని ట్రాఫిక్ జామ్ అనుకుని మర్యాదగా వేగం తగ్గిస్తుంది. మళ్లీ మెల్లగా పెంచుకుంటూ వస్తుంది, అంతలో ఇంకో ప్యాకెట్ పోతుంది. ఇదీ నా గ్రాఫ్ రంపం పళ్లలా ఉండటానికి కారణం. ఇంట్లోవాళ్లకి ఇవన్నీ చెప్పలేం. వీడియో కాల్ ఆగిందంటే గేమ్‌దే తప్పు, నాదే తప్పు. లాంచర్‌లో స్పీడ్ లిమిట్ పెట్టుకుంటే కాల్స్ బతుకుతాయి. అంటే వచ్చే నాలుగు చుక్కల్లోంచి ఒక చుక్క నేనే వదులుకోవాలన్నమాట. విండోస్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో డెలివరీ ఆప్టిమైజేషన్ అనేది కూడా ఒకసారి చూసుకోండి. ఇంటర్నెట్‌లోని ఇతర కంప్యూటర్లకి పంపే ఎంపిక ఆన్‌లో ఉంటే, మన అప్‌లోడ్‌తో ముక్కూమొహం తెలియనివాళ్లకి అప్‌డేట్లు పంచుతూ ఉంటాం. మహాదాతలం!

కానీ నెట్ కంపెనీని ఎన్ని తిట్టినా నా అసలు మంట గేమ్ కంపెనీల మీదే. చాలా ఏళ్ల కడుపుమంట ఇది. ముచ్చటపడి డిస్క్ పెట్టె కొన్నాను, నెట్ అవసరం ఉండదు కదా అని. తెరిస్తే లోపల డిస్క్ లేదు. కోడ్ రాసిన చీటీ ఉంది! దించుకోండి అట. దించుకునే నెట్ ఉంటే పెట్టె ఎందుకు కొంటాను స్వామీ? ఒక డీవీడీలో 4.7 జీబీ పట్టేది, రెండు పొరల బ్లూ-రేలో 50 జీబీ పడుతుంది. అలాంటి డిస్కులు నాలుగు వేసినా నాకు అభ్యంతరం లేదు. పోనీ డిస్క్ ఉన్నా, మొదటి రోజే ప్యాచ్ (తప్పులు సరిదిద్దే అప్‌డేట్) అని గేమ్‌లో సగమంత మళ్లీ దించమంటారు.

2019లో వచ్చిన కాల్ ఆఫ్ డ్యూటీ మోడరన్ వార్‌ఫేర్ మరుసటి ఏడాదికల్లా కంప్యూటర్‌లో 200 జీబీ దాటింది. 250 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నవాడు ఇంకేమీ పెట్టుకోలేని పరిస్థితి. నా మానిటర్ 4కే కాదు, అయినా 4కే టెక్స్చర్లు, అంటే గేమ్‌లో వస్తువుల మీద పరిచే భారీ బొమ్మలు, నా నెత్తినే. మెనూలో ఒక్క భాషే ఎంచుకుంటాను, చాలా గేముల్లో మిగతా భాషల ఆడియో కూడా వచ్చి కూర్చుంటుంది. వేరుచేయడం కుదరదా అంటే, భేషుగ్గా కుదురుతుంది. ఫాల్అవుట్ 4కి 2017లో హై రిజల్యూషన్ టెక్స్చర్లు వేరే ప్యాక్‌గా ఇచ్చారు, 58 జీబీ. కావాల్సినవాడు దించుకున్నాడు, అక్కర్లేనివాడు హాయిగా ఆడుకున్నాడు.

2020 మార్చిలో అందరూ ఇళ్లలో కూర్చున్నప్పుడు నెట్‌ఫ్లిక్స్ యూరప్‌లో వీడియో బిట్‌రేట్ తగ్గించింది, ప్లేస్టేషన్ డౌన్‌లోడ్‌లు నెమ్మదిస్తాయని సోనీ ప్రకటించింది. పెద్ద వార్త అయిపోయింది, ఎంత గోల! పల్లెలో మాది ఎప్పుడూ అదే బతుకు, ఎవరూ వార్త రాయలేదు.

"ఫైబర్ పెట్టించుకోవచ్చుగా" అనేవాళ్లకి ఒక్కటే మాట. మా వీధి దాకా ఆ తీగ లాగించి అప్పుడు చెప్పండి. అందాకా ఫైబర్ ఉన్న స్నేహితుడింటికి హార్డ్ డిస్క్ పట్టుకెళ్లి గేమ్ ఫోల్డర్ కాపీ చేసుకొస్తాను. స్టీమ్ అనే గేమ్ లాంచర్‌లో అయితే 2023 నుంచి ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న కంప్యూటర్ల మధ్య నేరుగా పంపుకోవచ్చు, ల్యాప్‌టాప్ మోసుకెళ్లినా పనవుతుంది. వెళ్లడం, రావడం, మధ్యలో భోజనం, అన్నీ కలిపినా ఈ టవర్ కంటే నేనే ముందు వస్తాను.