ఆపరేషన్ బల్ల మీదకు మగాడెప్పుడు ఎక్కుతాడు?

మార్చి 8, మహిళా దినోత్సవం వచ్చిందంటే మగవాళ్ళను భాగస్వాముల్ని చేసే హడావుడి మొదలవుతుంది. కాలేజీ కుర్రాళ్ళకు టీ షర్టులిచ్చి రెండు కిలోమీటర్లు పరుగెత్తిస్తారు. ఆఫీసుల్లో మగ ఉద్యోగులంతా లేచి నిలబడి ప్రతిజ్ఞ చదువుతారు. సాయంత్రం ఇంటికెళ్ళి కుర్చీలో కూర్చుని కాఫీ అడుగుతారు. సమానత్వం గురించి మగాడికి పాఠాలు చెప్పింది చాలు, ఇక పని చెప్పాలి. ఆ పని తన ఒంటి మీదకు తెచ్చుకునేదైతే ఇంకా మంచిది. మగవాళ్ళకు చేసే కుటుంబ నియంత్రణ ఆపరేషన్, వేసెక్టమీతో మొదలుపెడదాం.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ళ వివాహితల్లో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. దేశంలో మనమే ఫస్టు. తెలంగాణలో 62 శాతం. అదే భర్తల లెక్క తీస్తే ఆంధ్రలో నూటికి ఒక్కరు కూడా తేలరు. దేశం మొత్తం సగటు 0.3 శాతం. పిల్లలు పుట్టకుండా చూసుకోవడం ఆడవాళ్ళ సంగతి, మాకెందుకు అని సర్వే వాళ్ళతో మొహమాటం లేకుండా చెప్పిన మగవాళ్ళు దేశంలో మూడో వంతు పైనే ఉన్నారు.

ఇంతకీ రెండు ఆపరేషన్లకూ తేడా ఏమిటి? కోత లేని వేసెక్టమీని 1974లో చైనా డాక్టర్ లీ షున్‌చియాంగ్ కనిపెట్టాడు. చర్మానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, చిన్న రంధ్రం చేసి, వీర్యనాళాలు బయటికి తీసి, కత్తిరించి ముడేస్తారు. కుట్లుండవు. పావుగంట పని. కాసేపు కూర్చోబెట్టి ఇంటికి పంపేస్తారు, నడిచి వెళ్ళిపోవచ్చు. రెండు రోజులు విశ్రాంతి, వారం పాటు బరువులు ఎత్తకుండా ఉంటే చాలు. మూడు నెలలు మాత్రం కండోమ్ వాడాలి, ఆ తర్వాత ఒక పరీక్ష. ఆడవాళ్ళకైతే పొట్ట కోయాలి, లేదా పొట్టలోకి గ్యాస్ పంపి, రంధ్రాలు పెట్టి, లోపలికి పరికరం దించాలి. పేగులకు దెబ్బ తగలొచ్చు, ఇన్ఫెక్షన్ రావొచ్చు, మత్తు వికటించొచ్చు. అయినా మన వ్యవస్థ రిస్కు ఎక్కువున్న దాన్నే ఎంచుకుంది.

ఆపరేషన్ల రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళినవాళ్ళకు ఆ దృశ్యం కొత్త కాదు. తెల్లవారుజాము నుంచి ఏమీ తినకుండా వచ్చిన ఆడవాళ్ళు వరండాలో వరసగా కూర్చునుంటారు. ఒకరి తర్వాత ఒకరిని లోపలికి పంపుతారు, తెచ్చి చాప మీద పడుకోబెడతారు. భర్త గేటు బయట టీ కొట్టు దగ్గర పెద్దపిల్లను ఎత్తుకుని నిలబడి ఉంటాడు. పాపం, ఆ రోజు అతనికీ టెన్షనే. కానీ ఆ లైనులో తను కూర్చోవచ్చని అతనికి ఎవరూ చెప్పలేదు.

2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ఒక్క క్యాంపులో, ఒకే డాక్టరు, కొన్ని గంటల్లో 83 మందికి ఆపరేషన్లు చేశారు. పదిమందికి పైగా తల్లులు చనిపోయారు. 2016లో సుప్రీంకోర్టు మూడేళ్ళలో ఈ క్యాంపుల పద్ధతికి స్వస్తి చెప్పమంది. 2022 ఆగస్టులో తెలంగాణలోని మన ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి చేస్తే నలుగురు చనిపోయారు. ఎంక్వయిరీలు వేశారు, సస్పెన్షన్లు, ఎక్స్‌గ్రేషియాలు ప్రకటించారు. ఆ 34 మంది భర్తల్లో ఒక్కరైనా ఎందుకు ఆ బల్ల ఎక్కలేదన్న ప్రశ్న మాత్రం ఎక్కడా వినపడలేదు.

ఎక్కకపోవడానికి కారణాలు ఇంటింటా వినేవే. "వాడు కష్టం చేసుకునేవాడు, రేపు మూటలు మోయొద్దా? నువ్వు చేయించుకో అమ్మా" అంటుంది అత్తగారు. కోడలు మోసే నీళ్ళ బిందె, చంకలో పిల్ల, నాట్లప్పుడు వంగిన నడుం ఆ లెక్కలోకి రావు. ఇక మగతనం పోతుందన్న భయం. వృషణాల జోలికే వెళ్ళరు, హార్మోన్లలో ఏ తేడా రాదు, కోరికలూ పోవు. ఈ నాలుగు ముక్కలు మగాడికి చెప్పే మనిషి లేడు. వీటన్నిటికంటే బలమైన కారణం మరొకటి ఉంది, దాన్ని ఎవరూ పైకి అనరు. భర్తకు ఆపరేషన్ అయ్యాక, అది ఫెయిలై భార్య నెల తప్పితే? అనుమానం డాక్టరు మీదకు పోదు, ఆమె మీదకే వస్తుంది. అందుకే చాలామంది ఆడవాళ్ళే "ఆయనకొద్దు, నాకే చేయండి" అంటారు. దాన్ని త్యాగమని పొగిడే పెద్దలున్నారు. నాకైతే అందులో కనిపించేది భయమే.

ఆడవాళ్ళు తామే ఒప్పుకుంటున్నారు కదా అనేవాళ్ళ వాదనలో కొంత నిజం లేకపోలేదు. అదే సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60 శాతం సిజేరియన్లే. ఎలాగూ పొట్ట కోశారు, పనిలో పనిగా అదీ అయిపోతే మళ్ళీ ఆసుపత్రి చుట్టూ తిరగక్కర్లేదు. సరే, వాళ్ళను వదిలేద్దాం. కాన్పయిన నెలలకు, ఏళ్ళకు చంటిపిల్లను వదిలి క్యాంపుకు వచ్చినవాళ్ళ మాటేమిటి?

మన మగవాళ్ళు ముందుకు రారు అనేది కూడా పూర్తి నిజం కాదు. ఉమ్మడి రాష్ట్రంలో ఉత్తర తెలంగాణ జిల్లాల్లో, ముఖ్యంగా కరీంనగర్‌లో, మగవాళ్ళు బాగానే వేసెక్టమీలు చేయించుకున్న కాలం ఒకటుంది. కేరళలోని ఎర్నాకుళంలో 1971 జులైలో ఒక్క నెలలో 60 వేల పైచిలుకు మంది చేయించుకున్నారు. తర్వాత ఎమర్జెన్సీ వచ్చింది. 1976-77లో దేశంలో 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి, అందులో ఎక్కువ భాగం మగవాళ్ళవే, చాలావరకు బలవంతాన. ఎన్నికల్లో ఇందిరాగాంధీ ఓడిపోయారు. మగాడి మీద చెయ్యేస్తే ప్రభుత్వం కూలుతుందని అన్ని పార్టీలకూ అర్థమైంది. ఆడవాళ్ళ మీద వేస్తే కూలదని కూడా అర్థమైంది. బిలాస్‌పూర్ చావుల కారణంగా అక్కడ ఏ ప్రభుత్వమూ పడిపోలేదు.

అసలు చిక్కు మగాడి బుర్రలోనే ఉందనుకుంటాం గానీ, ప్రభుత్వం తలుపు తట్టే తీరులోనే ఉంది. ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచరు, ఏఎన్ఎం, డ్వాక్రా సంఘం. ఇంటికి వచ్చే ప్రభుత్వమంతా ఆడమనిషే, వచ్చి మాట్లాడేదీ ఆడమనిషితోనే. మగ హెల్త్ అసిస్టెంట్ పోస్టు ఒకటుంది, ఆయన్ను దోమల మందుకు, మలేరియా రక్తనమూనాలకు పంపిస్తారు. అప్పు భార్య పేర, కిస్తీ భార్య బాధ్యత, పిల్లల బరువు తగ్గితే భార్యకు క్లాసు. ప్రభుత్వం మగాడిని నేరుగా కలిసేది రెండు చోట్లే: పోలింగ్ బూత్ దగ్గర, వైన్ షాపు దగ్గర. చివరికి మగాళ్ళ తాగుడు మాన్పించే పని కూడా ఆడవాళ్ళ నెత్తినే పడింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణాల మీదకు వెళ్ళింది వాళ్ళే. 1995లో మద్యనిషేధం తెప్పించిందీ వాళ్ళ పోరాటమే. రెండేళ్ళకే ఆ నిషేధాన్ని ఎత్తేసేటప్పుడు వాళ్ళనెవరూ అడగలేదు.

ఇప్పుడు గాలి తిరిగింది. 'ఇద్దరు ముద్దు, ఆపై వద్దు' అని గోడల మీద రాసిన ఆంధ్రప్రదేశ్‌లోనే ఎక్కువమందిని కనమని ముఖ్యమంత్రి అడుగుతున్నారు. ఇద్దరికి మించి పిల్లలున్నవాళ్ళు స్థానిక ఎన్నికల్లో పోటీ చేయకూడదన్న నిబంధన 2024లో పోయింది. మూడో బిడ్డ ఆడపిల్లైతే 50 వేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానని విజయనగరం ఎంపీ ప్రకటించారు. వద్దన్న రోజుల్లో ఆడదాని పొట్టే కోశారు, కావాలన్న రోజుల్లో ఆడదాని పొట్టనే అడుగుతున్నారు. మూడో బిడ్డకు రాత్రి పాలు కలిపేదెవరు? ప్రభుత్వ ఉద్యోగి అయిన తండ్రికి దొరికే సెలవు 15 రోజులు. ప్రైవేటు కంపెనీలో పనిచేసే తండ్రికి చట్టప్రకారం దక్కేది సున్నా.

ఏటా నవంబరు 21 నుంచి డిసెంబరు 4 వరకు వేసెక్టమీ పక్షోత్సవమని ఒకటి జరుపుతారు. చాలామంది వినే ఉండరు. మగవాళ్ళకిచ్చే నగదు ప్రోత్సాహకం ఆడవాళ్ళకిచ్చేదానికంటే ఎక్కువే, అదీ వినే ఉండరు. ఈసారి టార్గెట్లు, బెదిరింపులు వద్దు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2020లో మగ ఆరోగ్య సిబ్బందిని జీతాలు ఆపుతామని బెదిరించి, పరువు పోయి సర్క్యులర్ వెనక్కి తీసుకుంది. డివిజన్‌కొక తర్ఫీదు పొందిన సర్జన్‌ను పెట్టండి. కూలి పోకుండా ఆదివారం చేయండి. ఏ మండలంలో ఆడవాళ్ళకెన్ని చేశారో, మగవాళ్ళకెన్ని చేశారో పక్కపక్కన పెట్టి నోటీసు బోర్డులో అంటించండి. ఇక ఈ కబురు మహిళా సంఘం మీటింగులో చెప్పి చేతులు దులుపుకోకండి. ఆ మగ హెల్త్ అసిస్టెంట్‌ను ఆటో స్టాండుకు, రైస్ మిల్లు హమాలీల దగ్గరకు పంపండి.