చీము కారలేదు కాబట్టి జబ్బు లేదట!

"ఆడకుక్క ఉన్న ప్రతి ఇంట్లో ఉండాల్సిన మెసేజ్" అంటూ పయోమెట్రా, అంటే గర్భసంచిలో చీము పట్టే జబ్బు గురించి ఏడు పాయింట్ల ఫార్వర్డ్ ఒకటి ఈ వారంలో నాకు పదకొండోసారి వచ్చింది. పంపినవాళ్లలో కాలేజీలో నా పక్క బెంచీవాడు ఉన్నాడు, మా అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారున్నారు, మా పెద్దమ్మ ఉంది. మా పెద్దమ్మ ఇంట్లో కుక్క లేదు, పిల్లి కూడా లేదు. కింద రెండు దండాల బొమ్మలు పెట్టి "ఒక మూగజీవి ప్రాణం కాపాడండి" అని ఉండేసరికి ఆవిడ మనసు ఆగలేదు. ఇరవై ఏళ్లుగా పశువైద్యం చేస్తున్నవాణ్ణి, నేనూ ఇక ఆగలేను.

చిన్నవి ముందు తేల్చేస్తాను. "పసుపు పాలు, వేపాకు కషాయం పట్టిస్తే లోపలి చీము ఆరిపోతుంది." పయోమెట్రా వచ్చిన కుక్క కోడికూర పెట్టినా మొహం తిప్పుకుంటుంది, కషాయం ఎవరు పట్టిస్తారు స్వామీ? "ముసలి కుక్కలకే వస్తుంది." వయసు మీదపడ్డవాటికి ఎక్కువ, నిజమే. రెండేళ్లదానికీ ఆపరేషన్ చేశాను. పదండి.

అసలు సంగతి ఒకటో పాయింటు. "గర్భసంచి జబ్బు ఉంటే కింద చీము కారుతుంది. కారకపోతే కంగారుపడి డాక్టర్ల చుట్టూ తిరగొద్దు."

పోయినేడు ఒక ఆదివారం పొద్దున్నే చెర్రీ అనే లాబ్రడార్‌ని తెచ్చారు. ఏడేళ్లది. నాలుగు రోజులుగా అన్నం ముట్టలేదు, రెండుసార్లు వాంతి చేసుకుంది. "నీళ్లు మాత్రం బ్రహ్మాండంగా తాగుతోందండీ, బాత్‌రూమ్‌లో బకెట్ ఖాళీ చేసేస్తోంది" అన్నాడు దాని యజమాని, అదేదో శుభవార్త అయినట్టు. ఏడేళ్లలో ఎన్నడూ ఇంట్లో తడపనిది రాత్రిళ్లు హాల్లోనే పోసేస్తోందట. పొట్ట కాస్త లావైంది. వీధికుక్క ఏదైనా ఎక్కిందేమో, పిల్లలున్నాయేమో అనుకున్నారట. మరి నాలుగు రోజులు ఎందుకాగారండీ అంటే, ఫోన్ తీసి ఈ మెసేజే నా మొహం ముందు పెట్టాడు. "చీము కారట్లేదు కదండీ!"

కారితే అదృష్టం అనుకోవాలి. గర్భసంచి మూతి తెరుచుకుని ఉందన్నమాట, లోపలిది ఎంతో కొంత బయటికి పోతోందన్నమాట. మూతి బిగుసుకుంటే అంతా లోపలే నిండుతుంది, చిట్లితే పొట్టంతా పాకుతుంది. ఈ మెసేజ్ "కంగారుపడొద్దు" అని ధైర్యం చెప్తున్నది సరిగ్గా ఆ కుక్క ఇంటివాళ్లకే. పైగా కారినా మన కంట పడాలని లేదు, రోజంతా నాక్కుని శుభ్రం చేసుకునే జీవం అది.

ఆ నీళ్ల బకెట్టే పెద్ద ఆనవాలు. లోపల పెరిగేది చాలావరకు ఈ-కోలై అనే సూక్ష్మక్రిమి. దాని విషం మూత్రపిండాల మీద పడితే అవి నీళ్లు పట్టి ఉంచలేవు. ఎంత తాగినా పోసేస్తుంది, పోసేకొద్దీ తాగుతుంది. ఎద అయిపోయిన నెలా రెండు నెలల్లో కుక్క నీళ్లమీద పడి, తిండి మానేసిందంటే, చీము కారినా కారకపోయినా నా అనుమానం ముందు గర్భసంచి మీదికే పోతుంది. ఏడు పాయింట్లు రాసిన మేధావి ఎద ఎప్పుడొచ్చిందో చూసుకోమని ఎక్కడా చెప్పలేదు. నేను మొట్టమొదట అడిగే ప్రశ్న అదే.

రెండో పాయింటు, "జ్వరం లేకపోతే ఇన్ఫెక్షన్ లేదు." చెర్రీకి టెంపరేచర్ 101.8. కుక్కకి అది మామూలే. విషమెక్కి చల్లబడిపోతున్న కుక్కకి థర్మామీటర్ 99 చూపిస్తే "హమ్మయ్య, జ్వరం తగ్గింది" అని కొబ్బరికాయ కొడదామా?

తర్వాత, "ఎక్స్‌రే చాలు, స్కానింగులూ రక్తపరీక్షలూ డబ్బు గుంజడానికే." బాగా ఉబ్బిన సంచి ఎక్స్‌రేలో కనిపిస్తుంది, కాదనను. కానీ సుమారు 45 రోజుల లోపు పిల్లల ఎముకలు ఎక్స్‌రేలో పడవు. అప్పటిదాకా పిల్లలున్న సంచీ చీమున్న సంచీ దాంట్లో ఒక్కలాగే ఉంటాయి. స్కానింగ్‌లో అయితే నెల తిరక్కముందే పిల్లల గుండె కొట్టుకోవడం చూడొచ్చు. చెర్రీ పొట్టమీద ప్రోబ్ ఆనించగానే, మూత్రాశయం పక్కనుంచి నల్లగా లావుపాటి గొట్టాలు, వాటిలో బూడిదరంగు నలుసులు మెల్లగా సుడి తిరుగుతున్నాయి. ఏ గుండే కొట్టుకోవట్లేదు. రక్తంలో తెల్లకణాలు సాధారణంగా బాగా పెరిగి ఉంటాయి, ఒక్కోసారి అన్నీ గర్భసంచికే తరలిపోయి లెక్క మామూలుగానూ కనిపిస్తుంది. మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడకుండా మత్తు ఇవ్వాలంటే నాకు భయం. ఇది డబ్బు గుంజడమైతే, అవును, గుంజాను. ఆ సాయంత్రం కోసి తీసిన గర్భసంచి త్రాసులో రెండు కిలోలు దాటి తూగింది.

"ఎదకు రాకుండా ఇంజెక్షన్ వేయిస్తే ఆపరేషన్ అక్కర్లేదు." ఆ ఇంజెక్షన్లు ప్రొజెస్టిరాన్ జాతివి. గర్భసంచి గోడల్ని ఉబ్బించి, దాని కదలికల్ని ఆపి, సూక్ష్మక్రిములకు పరుపు వేసేది ఆ హార్మోనే. దొంగకే తాళాలిచ్చి కాపలా పెట్టమనడం ఇది.

మిగిలింది, "ఒక్క ఈత ఈనిస్తే జన్మలో రాదు." దీన్ని చీల్చి చెండాడదామనే కూర్చున్నాను. కానీ ఇది పూర్తిగా గాలిమాట కాదు, ఒప్పుకోవాలి. స్వీడన్‌లో కుక్కలకు బీమా ఎక్కువ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించనివీ ఎక్కువే. అక్కడి బీమా లెక్కల్లో పదేళ్లు వచ్చేసరికి దాదాపు నాలుగింట ఒకదానికి ఈ జబ్బు వచ్చింది. లాబ్రడార్, రాట్‌వీలర్ లాంటి జాతుల్లో ఈనినవాటికి కొంత తక్కువగా వచ్చింది కూడా. గోల్డెన్ రిట్రీవర్లకు మాత్రం ఆ మేలు కనిపించలేదు. అయితే "కొంత తక్కువ" ఎక్కడ, "జన్మలో రాదు" ఎక్కడ? అన్నట్టు, చెర్రీ ఒక ఈత ఈనిన కుక్కే, ఆరు పిల్లలు.

ఎద ఎప్పుడొచ్చిందని ఆ రోజు అడిగితే ఆయన తల గోక్కున్నాడు. ఇంటికి ఫోన్ చేస్తే వాళ్లావిడ గోడమీది క్యాలెండర్ ఫొటో తీసి పంపింది. పాల లెక్క పక్కన ఒక తేదీ చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా, కింద 'చెర్రీ' అని. లెక్కేస్తే సరిగ్గా ఆరు వారాలు. ఆవిడకి ఈ మెసేజ్ ఎవరూ పంపలేదట.