వాంపైర్ నవంబర్‌ల వస్తది తమ్ముడూ

పోయిన ఆదివారం మా ఇంట్ల పెద్ద లొల్లి అయింది. ఆస్తికి కాదు, పైసలకు కాదు. హన్మకొండల మా డాబా మీది రేకుల రూంల ఐదుగురం ఆడుకునే బొమ్మ విమానాల ఆట గురించి. నవ్వుకునేటోళ్లు నవ్వుకోండ్రి. నాకైతే ఇంక కోపం దిగలే, అందుకే రాస్తున్న.

ముందు ఆట సంగతి. 1948 సెప్టెంబర్ 13న ఇండియా ఫౌజు హైదరాబాద్ సంస్థానంలకు వచ్చింది. 17న నిజాం కాల్పులు బంద్ అన్నడు. ఆపరేషన్ పోలో, మనందరికి తెలిసిన కథనే. పూణె దిక్కు నుంచి టెంపెస్ట్ విమానాలు ఎగిరినయి. వాటికి ఎదురు పోయేటందుకు నిజాంకు సొంత ఫైటర్ విమానాల దళమే లేకుండె. మా ఆట గా 'లేకుండె' కాడ మొదలైతది. ఉంటే ఎట్లుండేది? ఆరు మూలల గడుల మ్యాప్, పాచికలు, సైకిల్ పుల్లల మీద నిలబెట్టిన 1/200 స్కేల్ విమానాలు. పుల్ల ఎంత పొడుగుంటే విమానం అంత ఎత్తుల ఉన్నట్టు లెక్క.

ఇగ లొల్లి. మా జట్టుల అందరికంటే చిన్నోడు రెండు వాంపైర్ జెట్లు చేసుకొని వచ్చిండు, పసుపు రంగు కొట్టి, నిజాం గుర్తు పెట్టి. పని మాత్రం మస్తు చేసిండు, అబద్ధమెందుకు. నాకు ఇన్నేండ్లకు రాని నున్నటి కోటింగ్ వాని చేతికి వచ్చింది. "ఇవెక్కడియిరా?" అంటే "ఊహించుకునే చరిత్రే కదనే, ఏదైనా ఉండొచ్చు" అన్నడు.

ఏదైనా ఉండొచ్చు! గీ మాటనే నాకు పడది.

అసలు ఇండియా ఎయిర్‌ఫోర్స్‌కే మొదటి వాంపైర్లు వచ్చింది 1948 నవంబర్‌ల. ఇండియా చేతికే రాని జెట్టు నిజాం చేతికి ఎట్ల వచ్చె? ఏ ఓడల వచ్చె? సంస్థానానికి సముద్రమే లేకపాయె. బయటి నుంచి సరుకు రాకుండ చుట్టూ ఇండియా దిగ్బంధం పెట్టిన ఏడాది అది. వాడు తల గోక్కొని "రెండు నెలలే తేడా కదనే" అన్నడు. రెండు నెలలా! యుద్ధమే ఐదు రోజులురా నాయనా.

నా లెక్క ఒక్కటే. ఆటకు ఒక్క అబద్ధం. ఆ ఒక్కటి చెప్పినంక మిగితాదంత నిజం ఉండాలె. రెండో అబద్ధం చెప్పినవంటే అది చరిత్ర కాదు, చందమామ కథ.

మరి నా అబద్ధమేంది? వినుండ్రి. నిజాం విమానాలకు పైసలు పెట్టలేదని కాదు, పెట్టిండు. కాకపోతే ఇంగ్లండోళ్ల విమానాలకు పెట్టిండు. 1918ల వాళ్ల 110 స్క్వాడ్రన్, అంటే విమానాల దళం, ఎగరేసిన డీహెచ్ 9ఏ బాంబర్లు ఈయన ఇచ్చిన కానుకనే. 1940ల బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్‌ల కొట్లాడిన 152 స్క్వాడ్రన్ పేరుల హైదరాబాద్ ఉంటది, బ్యాడ్జి మీద నిజాం తలపాగ ఉంటది. అదే స్క్వాడ్రన్ తర్వాత స్పిట్‌ఫైర్ మార్క్ 8లు ఏసుకొని బర్మా యుద్ధానికి ఇటు దిక్కు వచ్చింది. ఊరందరి పెండ్లిళ్లకు బాజా పంపినోని ఇంట్ల డప్పు లేనట్టు, సొంత రాజ్యంల మాత్రం ఒక్క ఫైటర్ లేదు. కాబట్టి నేను మార్చింది ఇంతే: యుద్ధం ఒడిసినంక, 1946ల, అసొంటి స్పిట్‌ఫైర్లు ఆరు మాకియ్యిండ్రి అని నిజాం అడిగిండు, వాళ్లు సరే అన్నరు.

ఆరంటే ఆరే. అండ్ల రెండు ఎప్పటికీ షెడ్డులనే, సామాన్లు దొరకయి కాబట్టి. మిగిలిన నాలుగింటికి పెట్రోల్ చీటీలు. చీటీ అయిపోతే విమానం నేల మీదనే. "గట్లయితే నిజాం దిక్కు కూసున్నోడు ఎప్పుడూ ఓడుడే కదనే, ఆట సమానంగ లేదు" అంటరు మావోళ్లు. సమానంగ ఎందుకుండాలె? అప్పుడు సమానంగ ఉండెనా? ఓడేటోనికి కూడ ఆడేటందుకు ఒక పని ఉంటే సాలు. ఆ పని నేనిచ్చిన. సిడ్నీ కాటన్ అని ఒక ఆస్ట్రేలియా ఆయన ఉండె. కరాచీ నుంచి లంకాస్ట్రియన్ విమానాలల్ల తుపాకులు దొంగతనంగ సంస్థానానికి మోసిండు. మా ఆటల అండ్ల ఒకటి వరంగల్ పక్కన మామునూరు విమానాల మైదానంల దిగి, సామాను దించి, మల్ల లేసిపోవాలె. పోయిందా, నిజాం దిక్కోడు గెలిచినట్టే, రాజ్యం పోయినా సరే. (మామునూరుల 1981 సంది విమానాలు బందయినయి. 2025ల కేంద్రం మల్ల పర్మిషన్ అయితే ఇచ్చింది. నిజం విమానాలు దిగేదాక, విమానం దిగేది మా టేబుల్ మీదనే.)

లెక్కలు ఇంత గట్టిగ పట్టుకుంటే చేతిపని కూడ గట్టిగనే అడుగుతది. టెంపెస్టుల త్రీడీ ప్రింట్లు తెప్పిస్తే మార్క్ 5 వచ్చినయి, మూతి కింద రేడియేటర్ గడ్డం యేలాడుకుంట. ఇండియా దగ్గర ఉన్నది మార్క్ 2. దానికి గుండ్రటి సెంటారస్ ఇంజన్, గడ్డం ఉండది. ఎనిమిది విమానాల గడ్డాలు బ్లేడుతోని గీకిన, మూతులకు ఎంసీల్ పెట్టి, తడి పెట్టుకుంట ఎమ్రీ కాయిదంతోని గుండ్రంగ రుద్దిన. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 62 మిల్లీమీటర్లు, అంటే నా బొటనవేలంత. అండ్ల మూతి ఎంతుంటదో మీరే అనుకోండ్రి.

గుర్తుల కాడ కూడ గంతే. శానమంది 1948 టెంపెస్ట్ మీద మూడు రంగుల చక్రం పెడ్తరు. అది 1950ల వచ్చింది. అంతకుముందు ఉన్నది తెల్లటి గుండ్రంల నీలి అశోక చక్రం. 1/200 స్కేల్‌ల ఇరవై నాలుగు ఆకులు ఎవడు గీస్తడు? నేను పన్నెండు గీసిన. ఇది మాత్రం తప్పే, ఒప్పుకుంట. నిజాం గుర్తుకైతే జెండ మీది కుల్చా రొట్టె గుర్తునే తీసుకున్న, పసుపుల తెల్ల గుండ్రం. బారెడు దూరం పోతే పసుపేదో తెలుపేదో ఎవనికీ కానరాదు. చుట్టూ సన్నటి నల్ల గీత గీయాల్సొచ్చింది.

లంకాస్ట్రియన్‌కు ప్రింట్ దొరకలే. రెక్కల కొసల నడుమ 155 మిల్లీమీటర్లు రావాలె. నిర్మల్ బొమ్మలకు వాడే పొనికి చెక్క ముక్క సంపాయించి ఒళ్లు చెక్కిన. ఐస్‌క్రీం డబ్బ మూతతోని రెక్కలు కోసిన. అతుకులకు చింతగింజల జిగురుల రంపపు పొట్టు కలిపి పట్టించిన. తొందరకు మందంగ పెట్టి ఎండల ఆరబెడితే సాయంత్రానికి ఎండిన చెరువు లెక్క పగిలింది. అంత గీకి, మల్ల పల్చగ నాలుగు పొరలు, నాలుగు రోజులు.

ఐదో రోజు దాన్ని మా అమ్మమ్మ చేతుల పట్టుకున్నది. ఆమెది చేర్యాల దిక్కు పల్లె. ముక్కు కాడ పెట్టుకొని "చేర్యాల మాస్కుల వాసనొస్తున్నది బిడ్డా" అన్నది. తర్వాత పసుపు స్పిట్‌ఫైర్‌ను చూసి "గిది ఎవనిది?" అని అడిగింది.

"నిజాందే అమ్మమ్మా."

"వానికి విమానాలు ఉండెనా?"

"లేకుండె."

"లేకుంటే మంచిగయింది కదరా. మల్ల నువ్వెందుకు చేసినవ్?"

జవాబు రాలే నాకు. బైరాన్‌పల్లి వాళ్ల ఊరికి దగ్గర్నే. 1948 ఆగస్టు 27న రజాకార్లు ఆ ఊరి మీద పడి జనాన్ని ఎట్ల చంపిన్రో నేను చెప్పే పని లేదు. బురుజు ఎక్కి కాపలా కాసినోళ్ల మీదికి మీంగ విమానం వస్తే ఎట్లుండేది? నేను ఇన్నొద్దులు రెక్కలు, ఇంజన్లు, చీటీలు లెక్కపెట్టిన గాని ఆ లెక్క ఎయ్యలే. ఆమెకు అప్పుడు ఏడెనిమిదేండ్లు. ఒకరోజు విమానం సప్పుడు ఇనంగనే పోరగాండ్లందరు గడ్డివాముల సాటుకు ఉరికిన్రంట. ఎవరిది, ఇండియాదా అని అడిగిన. "ఎవనిదో ఏం తెలుస్తది? సప్పుడు ఒక్కతీర్గనే ఉంటది" అన్నది.

ఆ రాత్రే రూల్స్ కాయిదంల ఒక లైను కొట్టేసిన: ఊర్ల మీద బాంబులేసే చీటీ. మావోళ్లల్ల ఇద్దరు దానికి కూడ గులిగిన్రు. గులగనియ్.

చిన్నోడా, నువ్వు ఇది సదువుతవని తెలుసు. కోపంల ఎక్కువ మాట్లాడిన, మనసుల పెట్టుకోకు. నీ వాంపైర్లు ఇక్కడనే రేకుల రూంల ఉన్నయి, దుమ్ము పడకుండ చెప్పుల డబ్బల పెట్టిన. నవంబర్ 1948 ఆట ఒకటి రాయి, ఆడుదాం. కాకపోతే అప్పటికి రెండో దిక్కు ఎవరు మిగిలి ఉంటరో, అది కూడ నువ్వే రాయాలె.