పింగ్ చూసి గెంటేయడం న్యాయమేనా?

రాత్రి ఎనిమిది దాటాక రాజోలు, అమలాపురం వైపు కుర్రాళ్ల బీజీఎంఐ (ఫోన్లో ఆడే ఆన్‌లైన్ కాల్పుల ఆట) గ్రూపుల్లో తరచూ ఒకటే గొడవ. కస్టమ్ రూమ్ (తమవాళ్ల కోసం విడిగా పెట్టుకునే మ్యాచ్) తెరిచిన అడ్మిన్ "పింగ్ 100 దాటితే కిక్" అని ముందే పెట్టేస్తాడు. పింగ్ అంటే ఫోన్ నుంచి ఆట సర్వర్‌కి డేటా పోయి రావడానికి పట్టే టైము, మిల్లీసెకన్లలో. కాకినాడలో ఇంటికి ఫైబర్ పెట్టించుకున్నవాడికి ఈ రూల్ బాగానే ఉంటుంది. లంకలో టవర్ సిగ్నల్ మీద ఆడేవాడు మాత్రం ఆట మొదలవకముందే, లాబీలోంచే వెనక్కి పోవాలి. ల్యాగ్ (నెట్ ఆలస్యం) వల్ల ఎదుటివాడికి నష్టం లేదని నేననను. కానీ ఈ రూల్ ఆ నష్టాన్ని కొలవడం లేదు.

ముందు దూరం లెక్క చూద్దాం. ఆప్టికల్ ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. సర్వర్ ముంబయిలో ఉందనుకుంటే, అమలాపురం నుంచి నేరుగా దాదాపు 1000 కిలోమీటర్లు. పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు చాలు. కేబుల్ చుట్టూ తిరిగి వెళ్తుంది కాబట్టి ఇంకాస్త కలుపుకోండి. అయినా 100 ఎందుకవుతుంది? ఒకే టవర్ మీద ఊరంతా వీడియోలు చూస్తుంటే, ఇంట్లో అదే వైఫై మీద చెల్లి రీల్ అప్‌లోడ్ చేస్తుంటే డేటా క్యూలో నిలబడుతుంది. ఏపీ ఫైబర్‌నెట్ కేబుల్ కూడా చాలాచోట్ల కరెంటు స్తంభాల మీదుగానే వచ్చింది, గాలివానకి కొబ్బరి మట్ట పడితే అంతే సంగతులు. వీటిలో ఆడేవాడి చేతిలో ఉన్నవెన్ని? చెల్లిని బతిమాలుకోవడం ఒక్కటే.

ఇక ఎదుటివాడి కోపం. అందులోనూ న్యాయం ఉంది. వాల్వ్ సంస్థ ఆటలు నడిపే సాఫ్ట్‌వేర్, సోర్స్ ఇంజిన్‌నే తీసుకోండి. ఆటగాళ్లు ఎవరెక్కడున్నారో సర్వర్ కొద్దిసేపు గుర్తుపెట్టుకుంటుంది. ఆలస్యంగా అందిన షాట్‌ని లెక్కకట్టేటప్పుడు అందరినీ అప్పటి చోట్లకు వెనక్కి జరిపి, కాల్చినవాడి స్క్రీన్ మీద కనపడినట్టే తగిలిందా అని చూస్తుంది. నెమ్మది నెట్ ఉన్నవాడికి ఇది మేలు. గోడ చాటుకు వచ్చేశాక కూడా చచ్చిపోయిన రెండోవాడికి మాత్రం ఒళ్లు మండుతుంది.

అయితే పింగ్ 120 దగ్గరే నిలకడగా ఉన్నవాడి కదలికను సర్వరూ, ఎదుటివాడూ చాలావరకు అంచనా వేయగలరు. 40 నుంచి 300కి, మళ్లీ 40కి ఎగిరేవాడే తెర మీద ఇక్కడ మాయమై అక్కడ తేలతాడు. అతని సగటు పింగ్ 100 లోపే ఉండొచ్చు, లాబీలో ఉన్నప్పుడు పచ్చరంగులో, బాగున్నట్టే కనపడొచ్చు. అందుకని చూడాల్సింది ఊగిసలాటని, ప్యాకెట్ లాస్‌ని (డేటా ముక్కలు దారిలోనే పోవడాన్ని). నిలకడగా ఉంటే 120 అయినా ఆడనివ్వాలి.

కావాలని డేటా ఆపి ఆన్ చేసేవాళ్లూ లేకపోలేదు. సరిగ్గా ఫైట్ మొదలైనప్పుడే నెట్ ఆగి, అది అవ్వగానే తిరిగి వస్తుంటే అనుమానించాల్సిందే. అదీ నాలుగైదు మ్యాచ్‌ల రికార్డింగ్ చూశాక. ఒక్కసారి డిస్కనెక్ట్ అయితే దొంగ ముద్ర వేసేస్తారా? 2022 మే నెలలో అమలాపురం అల్లర్ల తర్వాత కోనసీమలో ఇంటర్నెట్టే ఆపేశారు. నెట్ పోవడానికి ఆడేవాడికి సంబంధం లేని కారణాలు ఇక్కడ బోలెడు. మధ్యలో పోతే రీమ్యాచా, పాయింట్లు పంచుకోవడమా అన్నది టోర్నీ మొదలవకముందే రాసిపెట్టాలి, ఓడిన టీమ్ అరిచాక కాదు.

మైన్‌క్రాఫ్ట్‌లోలా ఒకరి ఫోనే సర్వర్‌గా నడిచే ఆటల్లో హోస్ట్‌కి దాదాపు ల్యాగే ఉండదు. అక్కడ వంతులవారీగా హోస్ట్ చేస్తే సరిపోతుంది, అందులో పెద్ద చర్చ లేదు.

అడ్మిన్లు ఒప్పుకోనిది వేళ మార్చమంటేనే. ఫైనల్ ఆదివారం పొద్దున్నే పెట్టొచ్చు కదా అంటే, స్ట్రీమ్‌కి జనం రారంటారు. టవర్ కిటకిటలాడే రాత్రి తొమ్మిదిని కోరి ఎంచుకున్నది వాళ్లే. ఆ గంటలో పెరిగిన పింగ్‌ని ఒక్క ఆటగాడి ఖాతాలోనే వేసి గెంటేస్తే ఎలా?