ఆ నాలుగు నిమిషాలు చూశాక మాట్లాడండి

నిన్న రాత్రి భోజనానికి కూర్చోబోతుండగా మా మేనల్లుడు ఫోన్‌కు ఒక బొమ్మ పంపించాడు. అందులో జర్మనీ ఫుట్‌బాల్ ఆటగాడు మైకేల్ బాలక్ తల వంచుకుని నిలబడి ఉన్నాడు, మెడలో వరుసగా వెండి పతకాలు వేలాడుతున్నాయి, కింద పెద్ద అక్షరాలతో ‘రెండో స్థానానికి రారాజు’ అని రాసి ఉంది. దానికి మావాడు ‘మామయ్యా, మీ హీరో!’ అని ఒక ముక్క జోడించి, నవ్వే ముఖాలు నాలుగు పెట్టాడు. వాడికి పంతొమ్మిదేళ్లు. బాలక్ జర్మనీని భుజాన మోసిన రోజులకు వాడింకా పుట్టనే లేదు. వాడి మీద కోపం వచ్చిన మాట నిజమే కానీ, అంతకంటే పెద్ద కోపం ఆ ఎగతాళిని ఇన్నేళ్లు నోట్లో నానబెట్టి వాడి తరానికి అప్పజెప్పిన పెద్దవాళ్ల మీద వచ్చింది. అన్నం ముద్ద గొంతు దిగలేదు.

రెండో స్థానం ఎవరికీ ఊరికే రాదు. 2001 సెప్టెంబరులో మ్యూనిక్‌లో, సొంత ప్రేక్షకుల ఎదుట, జర్మనీ ఇంగ్లండ్ చేతిలో 1-5 తేడాతో చిత్తయింది. ఆ తరువాత ఫిన్లాండ్ మీద కూడా గెలవలేక, 2002 ప్రపంచ కప్‌లో అడుగుపెట్టాలంటే ఉక్రెయిన్‌తో రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌లు ఆడవలసిన స్థితికి దిగజారింది. అర్హత పోటీల్లో దిగి ఎన్నడూ ప్రపంచ కప్‌కు దూరం కాని దేశం అది. కీవ్‌లో ఉక్రెయిన్ ముందు గోల్ కొడితే దాన్ని సమం చేసినవాడు బాలక్. నాలుగు రోజుల తరువాత డార్ట్‌మండ్‌లో జర్మనీ 4-1తో గట్టెక్కితే అందులోనూ రెండు గోల్స్ అతనివే. రెండు మ్యాచ్‌లలో జట్టు కొట్టిన ఐదు గోల్స్‌లో మూడింటిని ఒక మిడ్‌ఫీల్డర్ కొట్టాడు. అతను లేకపోతే ఆ ఏడాది జర్మనీకి ఫైనల్ మాట దేవుడెరుగు, విమాన టికెట్లు కూడా ఉండేవి కావు. ప్రపంచ కప్‌కు వెళ్లాక ఉల్సాన్‌లో క్వార్టర్ ఫైనల్‌లో అమెరికా మీద పడిన ఒకే ఒక్క గోల్ కూడా అతను తలతో కొట్టినదే.

ఇక సియోల్ సెమీఫైనల్. 2002 జూన్ 25, మనకు సాయంత్రం ఐదు గంటల వేళ. మా హాస్టల్ టీవీ గదిలో కుర్చీలు చాలక గచ్చు మీద కూర్చుని చూశాం. స్టేడియమంతా ఎర్ర చొక్కాలు, ఆతిథ్య దేశం దక్షిణ కొరియా కోసం చెవులు పగిలే హోరు, స్కోరు ఇంకా 0-0. 71వ నిమిషంలో లీ చున్ సూ బంతి పట్టుకుని జర్మనీ గోల్ వైపు దూసుకొచ్చాడు, అతన్ని ఆపడానికి తగినంత మంది వెనుక లేరు. బాలక్ పరుగెత్తుకుంటూ వచ్చి, పెనాల్టీ బాక్స్ అంచున కాలు అడ్డుపెట్టి పడేశాడు. ఆ టోర్నీలో అప్పటికే అతని పేర ఒక పసుపు కార్డు ఉంది. ఇంకొకటి పడితే తరువాతి మ్యాచ్ ఆడే వీలు లేదని అతనికి తెలుసు. ఆపితే తనకు ఫైనల్ లేదు, ఆపకపోతే జట్టుకే ఫైనల్ ఉండకపోవచ్చు. స్విట్జర్లాండ్ రిఫరీ ఉర్స్ మేయర్ జేబులోంచి పసుపు కార్డు తీశాడు. అక్కడ కుప్పకూలిపోయినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు.

నాలుగు నిమిషాలు గడిచాయి. కుడివైపు నుంచి సహచరుడు నొయ్‌విల్ బంతిని వెనక్కి నెట్టాడు. బాలక్ కుడికాలితో కొట్టిన దెబ్బను గోల్‌కీపర్ లీ వూన్ జే అడ్డుకున్నాడు. బంతి తిరిగి తన ముందుకే వస్తే ఈసారి ఎడమకాలితో వలలోకి పంపాడు. తాను ఆడలేని ఫైనల్‌కు తన దేశాన్ని తన కాలితోనే చేర్చాడు. మా గదిలో కొరియా గెలవాలని కోరుకున్న వాళ్లే ఎక్కువ, అయినా ఆ క్షణాన ఎవరి నోటా మాట రాలేదు. కోచ్ రూడీ ఫోలర్ సైతం మ్యాచ్ తరువాత ఆ ఫౌల్‌ను తప్పుపట్టకుండా, దేశం కోసం, జట్టు కోసం చేసిన పనిగా మెచ్చుకున్నాడు. ఐదు రోజుల తరువాత యోకొహామాలో బాలక్ లేని జర్మనీ మీద రొనాల్డో రెండు గోల్స్ కొట్టాడు, కప్పు బ్రెజిల్‌కు వెళ్లింది. ఆ ఓటమిని కూడా తెచ్చి ఈ బొమ్మలు చేసేవాళ్లు బాలక్ ఖాతాలో రాస్తున్నారు. ఆడని మ్యాచ్‌లో మనిషి ఎలా ఓడిపోతాడు?

2010 ప్రపంచ కప్ నుంచి ఆ నియమాన్నే మార్చారు. క్వార్టర్ ఫైనల్స్ ముగియగానే ఒంటి పసుపు కార్డులను చెరిపేస్తారు. సెమీస్‌లో ఒక్క పసుపు కార్డు పడినందుకు ఇప్పుడు ఎవరూ ఫైనల్‌కు దూరం కారు. ఆ మేలు ఈనాటి ఆటగాళ్లందరికీ దక్కుతోంది, బాలక్‌కు మాత్రం దక్కలేదు.

అతనిది అసలు తప్పే లేదని నేను వాదించను. 2000 మే 20న ఉంటర్‌హాకింగ్‌లో, ఒక్క పాయింట్ వస్తే అప్పటి అతని క్లబ్ లెవర్కూసన్‌కు జర్మనీ లీగ్ బుందెస్‌లీగా టైటిల్ ఖాయమయ్యే రోజున, అతని కాలికి తగిలిన బంతే సొంత వలలో పడింది. జట్టు 0-2తో ఓడిపోయింది, గోల్స్ తేడా మీద టైటిల్ బాయర్న్ మ్యూనిక్ క్లబ్‌కు పోయింది. 2002లో అదే లెవర్కూసన్ లీగ్‌ను ఒక్క పాయింట్ తేడాతో, జర్మన్ కప్ ఫైనల్‌ను షాల్కే చేతిలో, గ్లాస్గోలో యూరప్ క్లబ్‌ల ఛాంపియన్స్ లీగ్ ఫైనల్‌ను జిదాన్ గాల్లోనే తన్నిన ఆ గోల్‌తో రియల్ మాడ్రిడ్ చేతిలో పోగొట్టుకుంది. చేతికందినది నోటికి అందకుండా పోవడం అంటే అదే. కానీ ఆ లీగ్ సీజన్‌లో బాలక్ కొట్టిన గోల్స్ 17. మధ్య మైదానంలో ఆడేవాడు 17 గోల్స్ కొట్టిన జట్టు ఆఖరి మెట్టు మీద జారితే, మెట్లన్నీ ఎక్కించినవాడిని పట్టుకుని ఓటమికి మారుపేరు చేస్తారా?

అతను గెలిచినవి ఆ బొమ్మలో ఎందుకు లేవు? 1998లో, కింది డివిజన్ నుంచి అప్పుడే పైకి వచ్చిన కైజర్స్‌లౌటర్న్ బుందెస్‌లీగా గెలిచినప్పుడు అతను ఆ జట్టులో ఉన్నాడు. మరే జట్టూ ఆ పని చేయలేదు. బాయర్న్‌తో నాలుగేళ్లలో మూడుసార్లు లీగ్, కప్ రెండూ గెలిచాడు. ఇంగ్లండ్ క్లబ్ చెల్సీతో మూడు ఎఫ్ఏ కప్‌లు, 2010లో ప్రీమియర్ లీగ్ గెలిచాడు. ఇవన్నీ బంగారమే.

2008 సంగతి కూడా తీస్తారు, ఆ ఏడాది కూడా నాలుగు టైటిళ్లు చేజారాయి కాబట్టి. మాస్కోలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ మాంచెస్టర్ యునైటెడ్‌తో పెనాల్టీల దాకా వెళ్లినప్పుడు చెల్సీ తరఫున మొదటి కిక్ తీసుకుని గోల్ చేసినవాడు బాలక్. జారిపడి కిక్ పోగొట్టినది అతను కాదు. నెల తిరిగేసరికి వియన్నాలో యూరో ఫైనల్‌కు ముందు పిక్క నొప్పి, ఆడతాడో లేదో ఎవరికీ తెలియదు. అయినా దిగాడు, కనుబొమ్మ దగ్గర చీలి రక్తం కారుతున్నా మైదానం విడవలేదు. స్పెయిన్ 1-0తో గెలిచింది. అప్పటి స్పెయిన్ ముందు ఎవరు నిలిచారు కనుక?

నిజానికి నా మనసులో ముల్లులా మిగిలిపోయినది ఈ ఓటములేవీ కాదు. 2010 మే 15న ఎఫ్ఏ కప్ ఫైనల్‌లో కెవిన్ ప్రిన్స్ బోటెంగ్ తన్నిన తన్నుకు అతని చీలమండ దెబ్బతింది. మరి నాలుగు వారాల్లో మొదలుకానున్న దక్షిణాఫ్రికా ప్రపంచ కప్‌కు జర్మనీ కెప్టెన్ దూరమయ్యాడు. కార్డుల నియమం మారిన మొదటి టోర్నీ అదే, అందులోనే అతను లేడు. గోరుచుట్టు మీద రోకటిపోటులా, టోర్నీ ఇంకా నడుస్తుండగానే, అతని బదులు కెప్టెన్‌గా ఉన్న ఫిలిప్ లామ్ కెప్టెన్సీని తనంతట తాను వదులుకోనని బహిరంగంగా ప్రకటించాడు. లామ్ గొప్ప ఆటగాడు, ఆ మాట నేను కాదనను. కానీ గాయపడి జట్టుకు దూరమైన నాయకుడి విషయంలో అలా అనడానికి అదా సమయం? కోచ్ యోకిమ్ లోవ్ బాలక్‌ను మళ్లీ ఒక్క మ్యాచ్‌కూ పిలవలేదు. చివరకు 2011 జూన్‌లో ఇక నీ అవసరం లేదని తేల్చి, ఆగస్టులో బ్రెజిల్‌తో జరగబోయే స్నేహపూర్వక మ్యాచ్‌ను వీడ్కోలుగా ఇస్తామన్నారు. అతను వద్దన్నాడు. ఏరు దాటాక తెప్ప తగలేసినవాళ్లు పెట్టే దండను మెడలో వేయించుకోకపోవడమే సరైన పని అని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. 98 మ్యాచ్‌లు, 42 గోల్స్ దగ్గర అతని లెక్క ఆగిపోయింది. వందకు రెండు మ్యాచ్‌లు తక్కువ.

ఆ తరువాత 2013 జూన్‌లో లైప్‌జిగ్‌లో తన వీడ్కోలు మ్యాచ్‌ను తానే ఆడుకున్నాడు. గోర్లిట్స్‌లో పుట్టి, నాటి కార్ల్‌మార్క్స్‌స్టాట్‌లో బంతి నేర్చుకున్న తూర్పు జర్మనీ బిడ్డ కోసం స్టేడియం కిక్కిరిసిపోయింది. ఆ ఫోటో మీద ఎవరూ రాతలు రాయరు, ఎవరికీ పంపుకోరు.

మావాడు ఈ ఆదివారం భోజనానికి ఇంటికి వస్తాడు. పప్పన్నం పెట్టాక, టీవీ ముందు కూర్చోబెట్టి సియోల్ మ్యాచ్‌ను 71వ నిమిషం దగ్గర మొదలుపెట్టి 75వ నిమిషం దాకా చూపిస్తాను. మధ్యలో నేను ఒక్క మాట కూడా మాట్లాడను. ఆ తరువాత ఆ బొమ్మను ఫోన్‌లో ఉంచుకుంటాడో, తీసేస్తాడో వాడి ఇష్టం.